ఎండను వినడానికి చల్లపల్లి దాకా

వేసవి సెలవులిస్తే బెజవాడ మనిషి ముందుగా చేసే పని ఎండ నుంచి పారిపోవడం. స్తోమతున్నవాళ్ళు ఊటీ రైలెక్కుతారు. లేనివాళ్ళు తలుపులు బిడాయించుకుని, వట్టివేళ్ళ తడికలు తడుపుకుంటూ, సాయంత్రం గాలి తిరిగేదాకా బయటికి రారు. మా వారు మాత్రం ఎమర్జెన్సీ రోజుల్లో, ఏప్రిల్ నెలలో, ఎండను వెతుక్కుంటూ ఊరు దాటారు. వెంట నన్నూ తీసుకెళ్ళారు.

"దేనికండీ, ఎండ మన వరండాలోనే ఉందిగా?" అన్నాను.

"ఇక్కడ కనిపిస్తుంది సుగుణా, వినిపించదు" అన్నారు.

మా వారు ఆనందరావు గారు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. నేను ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతాను. సూర్యుడు వెలుతురూ వేడీ ఇవ్వడమే కాకుండా రేడియో తరంగాలు కూడా పంపుతాడనీ, అప్పుడప్పుడు ఒంట్లో ఏదో రేగి గట్టిగా కేక పెడతాడనీ పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పారు. ఆ కేక పట్టుకోవడానికి ఆరేళ్ళుగా కాలేజీ మేడ మీద ఏరియళ్ళు కట్టుకుని కూర్చున్నారు. ఆరేళ్ళలో ఆయనకి చిక్కినవి ఒక పిండిమర, రెండు సినిమా హాళ్ళు, లెక్కలేనన్ని స్కూటర్లు. బెజవాడలో ఏ మోటారు నిప్పురవ్వ రాల్చినా ఆయన మిషనులో పెన్ను గంతులేసేది. స్టాఫ్ రూములో తోటివాళ్ళు "ఏం మేస్టారూ, ఇవాళ మీ సూర్యుడు జొన్నలు ఆడించాడా, రాగులా?" అని అడిగేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఇంటికొచ్చాక నవ్వేవారు కాదు.

ఈ ఏడు ప్రిన్సిపాలు గారు తేల్చి చెప్పేశారు. సెలవులయ్యేలోగా సూర్యుడిదేనని రుజువయ్యే రికార్డు ఒక్కటి చూపించాలి. లేకపోతే మేడ మీది గది ఆటల సామాన్లకి ఇచ్చేస్తారు. రుజువు చెయ్యడం ఎలా అంటే, దక్షిణాదిన కొండ మీద పెద్ద అబ్జర్వేటరీ ఒకటుంది. వాళ్ళూ పగలంతా సూర్యుణ్ణి వింటూనే ఉంటారు. మనకి పడిన కేక అదే నిమిషంలో వాళ్ళకీ పడితే అది సూర్యుడిది. పడకపోతే పిండిమరది. అందుకని మోటార్లు తక్కువగా ఉండే చోటు వెతుక్కుంటూ డెల్టాలోకి బయల్దేరాం.

బెజవాడ బస్టాండు

మా సామాను ఒక అల్యూమినియం కడ్డీల మోపు, నల్ల వైరు చుట్టలు, దుప్పట్లో చుట్టిన మిషను, రెండు కారు బ్యాటరీలు, నా ట్రంకు పెట్టె. కండక్టరు కడ్డీల మోపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏంటండీ ఇయ్యి? బట్టలారేసుకునేయ్యా?"

"కాదండీ, ఇవి సూర్యుడి కోసం" అన్నారు మా వారు గంభీరంగా.

"బట్టలారేది సూర్యుడికే గదండీ. లగేజీ టిక్కెట్టు తీసుకోండి."

టిక్కెట్టు తీసుకున్నాం. కడ్డీలకి కూడా మనుషులతో సమానంగా వేశాడు. వాటికి సీటు కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. ఆయన వాటిని ఒళ్ళో పెట్టుకున్నారు.

ఉయ్యూరు

ఉయ్యూరు వచ్చిందని కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. పంచదార ఫ్యాక్టరీ మడ్డివాసన బస్సులోకి మనకంటే ముందే ఎక్కి కూర్చుంటుంది. ఆ వేళకి చెరుకు బళ్ళు రోడ్డంతా ఆక్రమించుకుని ఉన్నాయి. ఎద్దులకి తొందర లేదు, బళ్ళవాళ్ళకి అంతకన్నా లేదు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ వెలిగించాడు.

నా పక్కన ఒక ముసలాయన, చెరుకు రైతట, కూర్చుని ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గరే మా బ్యాటరీ. బస్సు ఆగినప్పటి కుదుపుకి అది ఒరిగి, ఆసిడ్ చుక్కలు నా మంగళగిరి చీర అంచు మీద పడ్డాయి. చూస్తూండగానే అంచు జల్లెడైంది.

"అయ్యయ్యో, ఎలకలు కొట్టేసినయ్యమ్మా" అన్నాడు ముసలాయన జాలిగా.

"ఎలకలు కాదండీ, మా ఆయన" అన్నాను.

ఆయన పకపకా నవ్వి, కిటికీలోంచి చెయ్యి చాపి పక్కబండిలోంచి ఒక గడ లాగి, మోకాలికేసి విరిచి మా ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చాడు. బండివాడు చూశాడు గానీ ఏమీ అనలేదు. బెజవాడలో ఇంత ముక్కకి పది పైసలు తీసుకుంటారు, పైగా అది మొదలు భాగం కూడా అయ్యుండదు. చీర బాధ మరిచిపోయేంత తియ్యగా ఉంది. పూర్తిగా మరిచిపోలేదు.

పామర్రు

పామర్రులో బస్సు మారాలి. మెస్సులో ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, మజ్జిగపులుసు తిన్నాం. మా బెజవాడ హోటళ్ళలో నెయ్యి స్పూనుతో చూపించి వెళ్ళిపోతారు. ఇక్కడ వడ్డించేవాడు వద్దన్నకొద్దీ పోశాడు. "పట్నం నుంచి వచ్చారుగా, ఎండిపోయి ఉంటారు" అని మా మీద జాలి కూడా పడ్డాడు.

ఏరియళ్ళు నిలబెట్టడానికి వెదురుగడలు కావాలి. అడితిలో గడలు ఏరుతూంటే షాపాయన కుర్చీ వేశాడు.

"పెళ్ళెవరిదండీ? అమ్మాయిదా?"

"పెళ్ళి కాదండీ. వీటి మీద ఏరియళ్ళు కడతాం. తూర్పు పడమరలుగా ఒక వరస" అంటూ మా వారు విద్యార్థి దొరికినంత సంబరంగా మొదలుపెట్టారు. ఒక్క తీగ అయితే నలుమూలల నుంచీ వచ్చే రొదంతా కలగాపులగంగా వింటుందట. దూరదూరంగా వరసలో పెట్టి అన్నిటినీ ఒక్కచోట కలిపితే, ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుందట. సూర్యుడు నడినెత్తిన దాటుతూంటే పెన్ను అలలుగా లేచి పడుతుందట. మోటారు ఉన్నచోటే ఉంటుంది కనుక దానికి ఆ అలలు రావట.

షాపాయన ఓపిగ్గా అంతా విన్నాడు. "బాగుందండీ. భోజనాలు ఎంతమందికి?"

"భోజనాలుండవండీ."

"ఓహో" అన్నాడాయన గొంతు తగ్గించి. "రిజిస్టరు పెళ్ళా?"

చల్లపల్లి దాటాక

చల్లపల్లిలో బస్సు దిగి కాలవగట్టు వెంట ఎడ్లబండిలో వెళ్ళాలి. ఊరి పేరు రాయను. రాస్తే వెంకట్రామయ్య గారు మళ్ళీ గడప తొక్కనివ్వరు. ఆయన మా వారి పాత శిష్యుడికి మేనమామ. మినుము కోసేసిన చేను ఒకటి, దాని అంచున ఒక పాక మాకిచ్చారు. కాలవలు కట్టేసిన రోజులు. నేల పగుళ్ళు తీసి ఉంది. కనుచూపు మేర మోటారన్నది లేదు. మా వారు చేనులో నిలబడి చెవి వొగ్గి, "ఎంత నిశ్శబ్దం!" అన్నారు. అంతకు ముందు ఏ ఊరినీ ఆయన అలా మెచ్చుకోగా నేను వినలేదు.

గడలు పాతే ముందు టేపు పట్టి దూరాలు కొలవాలి. ఒక కొస ఆయన పట్టుకున్నారు, రెండో కొస నేను. గట్టు మీద ఒకరు చేరారు, తరవాత నలుగురయ్యారు, ఆపైన ఊరు చేరింది. సాయంత్రం వెంకట్రామయ్య గారు కండువా సవరించుకుంటూ వచ్చారు.

"మేస్టారూ, అడుగుతున్నానని ఏవీ అనుకోమాకండి. ఆ టేపు సంచిలో పెట్టేసి అడుగులేసి కొలుచుకోకూడదా?"

"ఎందుకండీ?"

"ఊళ్ళోవాళ్ళకి ముద్ద దిగటల్లేదు. మిగులు భూమి లాగేసుకునే సీలింగు వాళ్ళొచ్చి పొలాలు కొలుస్తన్నారనుకుంటన్నారు."

"అడుగులతో అయితే లెక్క తప్పుతుందండీ!"

"తప్పితేనే మాకు మంచిదండీ" అన్నారాయన నిట్టూర్చి.

చివరికి టేపు మానేసి తాడుకి నా చీర కొంగంత దూరానికొక ముడి వేసి కొలిచాం. ఊరు కాస్త కుదుటపడింది. పూర్తిగా కాదు.

భోజనం వెంకట్రామయ్య గారింట్లో. మొదటిరోజు మా ఇద్దరికీ వసారాలో ఆకులు వేశారు, వాళ్ళు లోపల తిన్నారు. రెండు తరాలుగా మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. ఇలాంటి వసారాలు నాకు కొత్త కాదు. వంకాయ కూరలో అంత కొత్తిమీర కారం మాత్రం కొత్త. తినే ముందు మేం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూంటే, ఆయన తల్లి సీతమ్మ గారు గుమ్మంలో నిలబడి, "కళ్ళు మూసుకున్నారేంటమ్మా, కారం ఎక్కువైందా?" అన్నారు. ఇంకా తినలేదని తెలిసి ఆవిడే సిగ్గుపడ్డారు.

సీతమ్మ గారు రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు తెచ్చి సూర్యుడికి వదులుతారు. రెండోరోజు మా ఏరియళ్ళ పక్కనే నిలబడి వదిలి, నన్నడిగారు.

"మీరు ఆయనకి దణ్ణం పెట్టుకోరుగా. మరి ఎందుకమ్మా ఇంత అవస్థ?"

"మా వారు ఆయన మాటలు వింటారటండీ."

"చూశావా! మేం ఇన్నేళ్ళూ మా గోడు చెప్పుకోటమేగానీ, ఆయనకీ చెప్పేది ఉంటదని అనుకోలేదు" అన్నారావిడ. తరవాత కాస్త ఆలోచించి, "ఏవన్నా అంటే నాకూ చెప్పు" అన్నారు.

పలకని సూర్యుడు

మిషను పాకలో పెట్టాం. సన్నగా కాగితం కదులుతూ ఉంటుంది, దాని మీద పెన్ను గీత గీస్తూ ఉంటుంది. పక్కన చిన్న స్పీకరు. పెనం మీద నూనె సన్నగా కాగుతున్నట్టు దాన్లోంచి పొద్దస్తమానం ఒకటే చప్పుడు. మొదటి మధ్యాహ్నం పెన్ను మెల్లగా లేచి, మెల్లగా దిగి, మళ్ళీ లేచింది. చెరువులో ఆకు ఊగినట్టు. "సుగుణా, అలలు! పిండిమర కాదు, సూర్యుడే!" అని మా వారు కేక పెట్టారు. ఆరేళ్ళలో నేనాయన కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదలు.

కానీ ఆ చిన్న అలలు చాలవు. రోజూ ఉండేవే కనుక వాటితో నిమిషం సరిచూసుకోవడానికి లేదు. కేక కావాలి. మరుసటి రోజూ, ఆ మరుసటి రోజూ సూర్యుడు బుద్ధిగా వచ్చాడు, మా నెత్తిన నిప్పులు పోశాడు, మాట్లాడకుండా పోయాడు. సూర్యుడి ఉద్రేకాలు కొన్నేళ్ళు పెరిగి కొన్నేళ్ళు తగ్గుతాయనీ, ఇవి తగ్గిన రోజులనీ మా వారు అప్పుడు చెప్పారు. బెజవాడలో చెప్పి ఉంటే నేను చీరైనా మార్చుకుని వచ్చేదాన్ని.

"ఎమర్జెన్సీ కదండీ, ఆయనా నోరు మూసుకున్నాడేమో" అన్నాను.

మా వారు గబుక్కున చుట్టూ చూశారు. చేలో ఒక గేదె తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి, "అలాంటివి అనకు" అన్నారు.

తాటిముంజలు తింటూ, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాం. ఆయన ఎండలో గడల మధ్య తిరుగుతూ ముడులు బిగించేవారు, విప్పేవారు, మళ్ళీ బిగించేవారు. సెలవు రోజులు తరిగిపోతున్నాయి. వెక్కిరించడానికి నాకూ మాటలు దొరకని స్థితి వచ్చింది.

ఎస్సై గారు వచ్చారు

ఆ రోజు ఒక బ్యాటరీ నీరసించింది. చార్జింగు పెట్టించడానికి మా వారు, వెంకట్రామయ్య గారు బండి కట్టుకుని చల్లపల్లి వెళ్ళారు. వెళ్ళేముందు నాకు పాఠం చెప్పారు. పెన్ను కాగితం అంచుకి కొట్టుకుంటే ఈ గుండీ వెనక్కి తిప్పాలి. ఏం జరిగినా పక్కన టైము రాయాలి. స్విచ్చి మాత్రం ముట్టుకోకూడదు.

మిట్టమధ్యాహ్నం పెన్ను ఒక్కసారిగా పిచ్చెత్తినట్టు గీకింది. బయటికి పరుగెత్తి చూస్తే గట్టు మీద మోటార్‌సైకిలు. దిగింది సూర్యుడు కాదు, ఎస్సై. ఇంజను ఆగగానే పెన్ను కూడా ఆగింది.

కుర్రవాడే. బూట్లకి పగుళ్ళ మట్టి అంటకుండా గెంతుకుంటూ వచ్చాడు.

"ఎవరండీ మీరు? ఇక్కడ వైర్‌లెస్ పెట్టారని కబురొచ్చింది. సముద్రం దగ్గర, తెలుసుగా?"

"ఇది పంపేది కాదండీ, వినేది."

"రేడియోనా? లైసెన్సుందా?"

"ఇంట్లో రేడియోకి ఉందండీ. ఇందులో పాటలు రావు."

"వార్తలు?"

"రావండీ."

"పాటలూ రావు, వార్తలూ రావు. మరేవొస్తయ్?"

"సూర్యుడండీ."

అతను నన్ను తేరిపార చూశాడు. ఎండదెబ్బ తగిలిందనుకున్నట్టున్నాడు, గొంతు మెత్తబడింది. "చూడండమ్మా, ముందది ఆపెయ్యండి. సారు వచ్చాక స్టేషన్లో మాట్లాడుకుందాం."

ఖాకీ బట్టల మాట కాదనే రోజులు కావవి. స్విచ్చి మీద చెయ్యి వేశాను. అప్పుడే స్పీకర్లో చప్పుడు మారింది. సన్నగా కాగుతున్న నూనె చప్పుడు లావైంది. తాటితోపులోకి గాలివాన దిగుతున్నట్టు, దూరం నుంచి దగ్గరికి, ఇంకా దగ్గరికి. గట్టు వైపు చూశాను. ఏ బండీ లేదు. అతని మోటార్‌సైకిలు చల్లగా నిలబడి ఉంది. పెన్ను లేచింది, ఇంకా లేచింది, కాగితం అంచుకి టక్కున కొట్టుకుంది.

"ఆపమంటున్నానా!"

"నోరు ముయ్!" అన్నాను.

అది నేనన్నది కాదు. పాతికేళ్ళుగా తొమ్మిదో తరగతి పిల్లల మీద కేకలేసిన గొంతు అన్నది. అతనికీ ఎక్కడో ఒక తెలుగు టీచరు ఉండే ఉంటుంది. ఠక్కున నోరు మూశాడు.

"అక్కడ కూర్చో. వాచీ ఉందా? కరెక్టేనా?"

"పొద్దున వార్తలకి కలిపానండీ" అన్నాడు, నులకమంచం మీద కూర్చుంటూ.

"నిమిషం నిమిషం టైము చెప్పు."

ఒక చెయ్యి గుండీ మీద, ఒక చేతిలో పెన్సిలు. గుండీ వెనక్కి తిప్పగానే పెన్ను అంచు వదిలి కిందికొచ్చింది. అలలు మొదలయ్యాయి. మొన్నటి ఆకు ఊపు కాదు, సముద్రపు కెరటాలు. అతను టైము చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. కంగారులో చెయ్యి అలవాటు కొద్దీ తెలుగు అంకెలు వేసేసింది. తరవాత చూసుకుంటే కాగితం మీద 'ఇక్కడ మొదలు', 'గుండీ తిప్పాను', దానికి ముందున్న పిచ్చిగీత పక్కన 'ఎస్సై గారు వచ్చారు' అని కూడా ఉంది.

కాసేపటికి అతనే మంచం దిగి వచ్చి కాగితం మీదికి వంగాడు. "నిజంగా సూర్యుడేనంటారా?"

"అవునండీ" అన్నాను. మళ్ళీ 'అండీ' వచ్చేసింది.

"ఏవంటన్నాడండీ?"

ఇద్దరం పాకలోంచి తలలు బయటపెట్టి పైకి చూశాం. పైన ఏమీ తేడా లేదు. రోజూ ఉండే ఎండే.

చప్పుడు తగ్గి, పెన్ను దిగుతూండగా గట్టు మీద ఎడ్లబండి కనిపించింది. మా వారు మోటార్‌సైకిలు చూసి బండి ఆగకముందే దూకి, పగుళ్ళలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చారు. ఎస్సై ఎదురెళ్ళి నెమ్మదిగా చెప్పాడు.

"మేస్టారూ, మీరు లేనప్పుడు మాట్లాడాడండీ."

మా వారు లోపలికొచ్చి కాగితం ముందు కూలబడ్డారు. వేలు దానికి తాకించకుండా, గాలిలోనే, కెరటాల వెంట చివరి దాకా నడిపించారు. నాకు భయం వేసింది. ఆరేళ్ళు ఎదురుచూసిన మనిషి బ్యాటరీ కోసం వెళ్ళి అది పోగొట్టుకున్నారు. ఏ మాట చెబితే సరిపోతుంది?

"అంచుకి కొట్టుకుందా?" అన్నారు.

"కొట్టుకుంది. రెండు గీతలు వెనక్కి తిప్పాను."

"మంచి పని చేశావు" అన్నారు.

ఆ సాయంత్రం సీతమ్మ గారు నన్ను వంటింట్లోకి పిలిచి, పీట వేసి, కొత్తావకాయ జాడీ మూత తీశారు. "ఇప్పుడు చెప్పు, ఏవన్నాడు?" అన్నారు. ఎస్సై అడిగిందే ఆవిడా అడిగారు. "తెలీదండీ, గట్టిగా మాత్రం అన్నాడు" అన్నాను. "అంత గట్టిగా అన్నాడంటే నా మాట మీదే అయ్యుంటది" అని ఆవిడ తృప్తిపడి నాకు ముద్ద కలిపి పెట్టారు.

తిరుగు బస్సు

మీకు ఆత్రంగా ఉంటుంది కనుక ఫలితం ముందే చెప్పేస్తాను. కొండ మీది వాళ్ళకీ అదే నిమిషంలో అదే కేక పడింది. మెచ్చుకుంటూ జవాబు రాశారు. కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసినది ఏ పరికరం పేరని కూడా అడిగారు. అది 'ఎస్సై గారు వచ్చారు' అని మా వారు ఇంగ్లీషులోకి మార్చడానికి చాలా అవస్థపడ్డారు. ప్రిన్సిపాలు గారు గది ఉంచారు. ఆటల సామాన్లు కూడా ఉంచారు. ఇప్పుడు మా వారు ఫుట్‌బాళ్ళ మధ్య కూర్చుని సూర్యుణ్ణి వింటారు.

కానీ తిరుగు ప్రయాణం నాటికి ఇదేమీ తెలియదు. చల్లపల్లిలో బెజవాడ బస్సెక్కాం. సంత రోజు. కోళ్ళు, బుట్టలు, పసిపిల్లలు, కాళ్ళు పెట్టడానికి చోటు లేదు. రేషను బియ్యం గురించి వెనక సీట్లో ఇద్దరు తగువు, ముందు సీట్లో ఒకావిడ కోడలి మీద ఫిర్యాదు. మా వారు కడ్డీల మోపు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నారు. కాగితపు చుట్ట చొక్కా లోపల పెట్టుకున్నారు. నా వైపు తిరగకుండానే అడిగారు.

"సుగుణా, చప్పుడు ఎలా ఉంది?"

"చెప్పాగా, తాటితోపులోకి గాలివాన వచ్చినట్టు."

"అది పోలిక. నాకు చప్పుడు కావాలి."

కాగితం మీద కెరటాలు మిగిలాయి. చప్పుడు మిగలలేదు. అది విన్నవాళ్ళు లోకంలో ఇద్దరు, నేనూ ఆ ఎస్సై. ఇంతమందిలో ఎలా అని మొహమాటపడ్డాను. ఆయన ముఖం చూశాక మొహమాటం పోయింది. కళ్ళు మూసుకుని, గుర్తు తెచ్చుకుని, పెదవులు దగ్గరికి చేర్చి మొదలుపెట్టాను. ముందు సన్నగా, తరవాత లావుగా, ఇంకా గట్టిగా, ఊపిరి ఉన్నంతసేపూ.

"ష్ష్ష్ష్..."

బస్సులో మాటలు టక్కున ఆగిపోయాయి. బియ్యం తగువు ఆగింది, కోడలు ఆగింది, కండక్టరు విజిలు నోట్లోనే ఉండిపోయింది. ఎవరు మందలించారో, ఏమన్నందుకు మందలించారో తెలియక అందరూ బిక్కుబిక్కుమంటూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ రోజులు అలాంటివి. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా వారు ఆ బస్సులో లేరు. కళ్ళు మూసుకుని, తల కాస్త వాల్చి, వింటున్నారు.

నా ఊపిరి అయిపోయింది. బస్సంతా నా వైపు చూస్తోంది.

"ఇంకోసారి" అన్నారాయన.